మేబెలమ్మ పాత చింతపండు

సీతాఫల్‌మండిలో మేబెలమ్మ వంటగదిలో రెండు జాడీలు ఉండేవి. ముందున్నది కొత్త చింతపండుది. ప్రతి ఎండాకాలం గింజలు తీసి, గల్లుప్పు కలిపి, పిడికిలితో కుక్కి పెట్టేది. వెనక గోడకు ఆనించి ఉన్నది పాతది. ఒక చెవి విరిగిన జాడీ. దాని మూతికి తెల్లగుడ్డ, గుడ్డ మీద పసుపు దారం. దాన్ని ఎవరూ ముట్టకూడదు. రైల్వేలో టికెట్ కలెక్టరుగా చేసి రిటైరైన ఆమె భర్త దయాకర్ ఎప్పుడైనా పొరపాటున చెయ్యి వేస్తే కసిరేది.

"అది మందుకు. పాత చింతపండు ఎంత పాతబడితే అంత గుణం. నువ్వు పప్పుచారుకు పాడుచేస్తవా?"

ఆ జాడీ అడుగున ఆమె బంగారం ఉండేది. నాలుగు గాజులు, ఒక గొలుసు, తల్లి ఉంగరం. తల్లి అల్లిచ్చిన లేసు గుడ్డలో మేబెలమ్మ వాటిని మూటకట్టి, దాని మీద చింతపండు కుక్కింది.

సండే స్కూల్లో చిన్నప్పుడు నేర్చుకున్న వాక్యం మేబెలమ్మకు బాగా గుర్తు. ఈ లోకంలో దాచుకున్న సొమ్ముకు చిమ్మటతో భయం, తుప్పుతో భయం, దొంగతో భయం. మిగతావాళ్ళు ఆ వాక్యం విని తలవంచుకుంటారు. మేబెలమ్మ దానికి జవాబులు వెతికింది. బంగారాన్ని చిమ్మట కొరకదు. బంగారం తుప్పు పట్టదు, చింతపండులో ఉంటే ఇంకా మెరుస్తుంది. ఇక దొంగ. దొంగ బీరువా పగలగొడతాడు, పరుపు చింపుతాడు, బియ్యం డబ్బా బోర్లిస్తాడు. చింతపండులోకి మోచేతిదాకా చెయ్యి పెట్టే దొంగ ఇంకా పుట్టలేదు.

"దేవునికే లెక్క చెప్పిన అనుకున్న బిడ్డా," అని ఆమె నాతో అన్నది, ఇదంతా జరిగిపోయాక. అప్పుడు కూడా ఆమె చేతులు ఖాళీగా లేవు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాయి.

దొంగలు నిజంగానే పడ్డారు. కాజీపేటలో చుట్టాల పెళ్ళికి పోయి వచ్చేసరికి తలుపు గొళ్ళెం ఊడి ఉంది. టీవీ లేదు. బీరువాలోని వెండి గ్లాసులు, పట్టుచీరలు లేవు. మేబెలమ్మ ముందు వంటగదిలోకి పరుగెత్తింది. పసుపు దారం ముడి ఎట్లా కట్టిందో అట్లాగే ఉంది. గోడకు ఆనుకుని కూర్చుండిపోయి ఏడ్చింది. వెనకాలే వచ్చిన దయాకర్ ఆ ఏడుపు చూశాడు.

"బంగారం సుత పోయిందా?" అన్నాడు.

ఆమె ఔను అనలేదు. కాదు అనలేదు. ఏడుపు ఆపలేదు, అంతే. ఆయన పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేశాడు. సాయంత్రానికి సంఘమంతా వచ్చింది. పాస్టరయ్య ప్రార్థన చేశాడు. పొరుగువాళ్ళు అన్నం తెచ్చారు. అంతమంది ఓదార్చాక, "పోలేదు, ఉన్నది" అనడానికి నోరు రాలేదు. రేపు చెప్దాం అనుకుంది. ఆ రేపు రాలేదు.

తర్వాతి ఏడాది చెల్లెలు కల్పలత వచ్చింది. ఇద్దరూ ఒకే తల్లి పిల్లలు. పెద్దదానికి మిషన్ ఆసుపత్రి దొరసాని పేరు పెడితే, చిన్నదానికి తండ్రి తన ముచ్చట తీర్చుకున్నాడు. కల్పలత భర్తకు కాలేయం చెడిపోయింది. ఆపరేషన్ చేస్తే బతకొచ్చు అన్నారు, తప్పకుండా బతుకుతాడని అనలేదు. ఆమె ఆ వారమంతా సికింద్రాబాదులో ఎక్కని గడప లేదు. అక్క ఇంటికి వచ్చి, వంటగదిలో పీట వేసుకుని, చాయ తాగింది.

"నీ బంగారం ఉంటే అందరికంటే ముందు నిన్నే అడుగుదునక్కా. నీదే పోయింది. నిన్నేం తక్లీఫ్ పెడత."

మేబెలమ్మ ఆ కప్పు తీసుకుని కడిగింది. కడిగినదాన్నే మళ్ళీ కడిగింది. జాడీ ఆమె వీపు వెనకే ఉంది.

మరిది ఆ వానాకాలం దాటలేదు. కల్పలత బొల్లారంలో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్‌లో వంటమనిషిగా చేరింది. అక్కడే ఒక గది ఇచ్చారు.

*

వాళ్ళ చర్చిలో వానలు వెనకపట్టాక కోత పండుగ చేస్తారు. పట్నంలో కోతలు ఎక్కడివి అనకూడదు, పెద్దల నాటి నుంచి వస్తున్న ఆచారం. ఇంట్లో ఉన్నదాంట్లో మంచిది తెచ్చి బలిపీఠం మెట్ల మీద పెట్టాలి. గుమ్మడికాయ, కోడి, బియ్యం, ఆవకాయ, కేకు, ఎవరి చేతికి అందింది వాళ్ళు. ఆరాధన అయ్యాక బయట షామియానా కింద అవన్నీ హర్రాజు వేస్తారు. వచ్చిన డబ్బు దేవునిది. ఒక నియమం ఉంది: మెట్ల మీద పెట్టినదాన్ని ఇచ్చినవాళ్ళు వెనక్కి తీసుకోరాదు. కావాలంటే పాట పాడి కొనుక్కోవాలి.

హర్రాజు పాడించేది ఎప్పుడూ దయాకరే. ప్లాట్‌ఫారం మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. ఒక్క నిమ్మకాయను కోడి ధరకు అమ్మగలడు.

మేబెలమ్మ ఆ ఏడు చర్చికని కొత్త చింతపండు ఒక కవర్లో కట్టి గట్టు మీద పెట్టింది. దయాకర్ పొద్దున్నే సామాన్లు సర్దించాలని ముందే స్కూటర్ మీద పోయాడు. కవర్ ఆయనే తీసుకుపోయి ఉంటాడని, ఆమె స్నానం చేసి, చీర కట్టుకుని, వంటగదిలోకి చూడకుండానే నడుచుకుంటూ పోయి ఆడవాళ్ళ వైపు రెండో వరుసలో కూర్చుంది. పాట పుస్తకం తెరిచింది. తలెత్తింది.

బలిపీఠం మెట్ల మీద, రెండు గుమ్మడికాయల మధ్య, చెవి విరిగిన జాడీ.

మొదట తన కళ్ళనే నమ్మలేదు. తర్వాత పసుపు దారం కనబడింది. పక్కనామెను తోసుకుని లేవబోయింది. అప్పుడే అందరూ ప్రార్థనకు మోకరించారు. ఆమె ఒక్కతే నిలబడి ఉండటం చూసి, స్త్రీల సమాజం సెక్రటరీ రాజ్యం వెనక వరుస నుంచి కొంగు పట్టి లాగింది. మేబెలమ్మ మోకాళ్ళ మీద కూలబడింది.

ఆ ఆదివారం ప్రసంగం ఏమిటని అడిగితే ఆమె ఇప్పటికీ చెప్పలేదు. గంటసేపు ఆ దారాన్నే చూసింది. ముడి వదులైనట్టు అనిపించేది, బిగిసినట్టు అనిపించేది. ఫ్యాను గాలికి గుడ్డ అంచు కదిలితే ఆమె గుండె కదిలేది.

ఆరాధన అయింది. సామాన్లు షామియానా కిందకు మోస్తున్నారు. ఆమె జాడీ వెంట పోయింది. బల్ల మీద పెట్టగానే గుడ్డ మీద చెయ్యి వేసింది.

"మేబెలక్కా, ఇచ్చినంక మల్ల సూసుడేంది?" అంది రాజ్యం. రాజ్యం కళ్ళకు ఏదీ దాగదని సంఘంలో పేరు. "ఎంత ఇచ్చినవో కొలుస్తున్నవా?"

"లేదు. మూత... మూత సరిగ్గ ఉన్నదా అని."

"నేను సూస్కుంట తీయి. నువ్వు పోయి విస్తళ్ళు పంచు."

ఆమె దయాకర్ దగ్గరికి పోయింది. ఆయన మైకు ఊది చూస్తున్నాడు.

"ఆ జాడీ ఎందుకు తెచ్చినవ్? నేను కవర్ల కట్టి పెట్టిన గదా."

"దేవునికి కవర్ల ఇస్తమా? ఇంట్ల ఉన్నదాంట్ల మంచిది ఇయ్యమన్నరు. నువ్వు అన్నేండ్ల నుంచి ఆ జాడీ ఒక్కటే ఎవ్వరిని ముట్టనిస్తలేవు. అంటే అన్నిట్ల మంచిది అదే గదా." ఆయన మొహంలో ఎక్కడా వంకర లేదు. భార్య తరఫున మంచి పని చేశానన్న సంతోషమే ఉంది.

"అది మందుకని చెప్పిన. వెనక్కి ఇయ్యి."

"పాట పాడి కొనుక్కో," అన్నాడు నవ్వి, మైకు ఆన్ చేశాడు.

పాట షురూ అయింది. ముందు గుమ్మడికాయలు పోయాయి. కోళ్ళు పోయాయి. ఎవరిదో మామిడికాయ పచ్చడికి చాలాసేపు పట్టింది. మేబెలమ్మ బల్లకు అడుగు దూరంలో నిలబడింది, విస్తళ్ళ కట్ట చేతిలోనే ఉంది. చివరికి దయాకర్ జాడీని రెండు చేతులతో ఎత్తాడు. బరువుకు కొంచెం వంగాడు.

"మా ఇంటి పాత చింతపండు. మా ఆడామె మొగుణ్ణైనా ముట్టనియ్యలే. వంద రూపాయలు సర్కారు పాట."

"రెండొందలు," అంది మేబెలమ్మ.

అందరూ నవ్వారు. "తన జాడీ తనే పాడుతున్నది," అన్నారెవరో.

"ఐదొందలండీ." ఆ గొంతు రామ్మోహనరావుది. గుంటూరు వైపు నుంచి వచ్చి బేగంపేటలో కాంట్రాక్టుల ఆఫీసు పెట్టిన మనిషి. కోత పండుగ అంటే ఆయనకు మహా సరదా. ఎవరు ఏది పాడితే దానిపైన పాడతాడు. ధర పెరిగితే దేవుని ఖజానాకే కదా అంటాడు. కొన్నది ఏదీ ఇంటికి తీసుకుపోడు.

"ఎనిమిదొందలు."

"వెయ్యండీ."

"రెండు వేలు," అంది ఆమె.

నవ్వు సన్నగిల్లింది. దయాకర్ మైకు కిందికి దించి, "ఏందే, ఇంట్ల ఇంకో జాడీ ఉన్నది గదా," అన్నాడు. మైకు కట్టేయలేదు కాబట్టి ఆ మాట అందరికీ వినబడింది.

"రెండున్నర," అన్నాడు రామ్మోహనరావు.

"ఐదు వేలు."

షామియానా కింద కుర్చీలు జరిగిన చప్పుడు. రాజ్యం విస్తళ్ళు పంచడం ఆపి మేబెలమ్మ మొహంలోకి చూస్తోంది. తల తిప్పకపోయినా ఆ చూపు ఆమెకు తెలుస్తూనే ఉంది. పక్కింటి వాళ్ళు, దొంగలు పడ్డ రోజు అన్నం తెచ్చిన వాళ్ళు, అందరూ అక్కడే ఉన్నారు.

రామ్మోహనరావు కుర్చీలోంచి లేచి, అందరి వైపూ తిరిగి చేతులు చాచాడు. "ఆరు వేలండీ. ఇంతకీ ఏముంది చెల్లెమ్మా ఆ జాడీలో, బంగారమా?"

నవ్వులు. దయాకర్ కూడా నవ్వాడు. మేబెలమ్మ కూడా నవ్వాలని చూసింది, దవడలు కదల్లేదు. ఇంకొక్క మాట పాడితే ఆ నవ్వు ఆగిపోతుంది. ఆగాక అందరూ ఆలోచిస్తారు. పాడకపోతే జాడీ పోతుంది.

దయాకర్ అడిగాడు. "ఆరు వేలు ఒకటోసారి. మేబెల్, పాడుతవా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

"రెండోసారి. మూడోసారి. రామ్మోహనరావు గారికి."

"హాస్టల్ పిల్లలకు పంపించేయండి," అన్నాడాయన, కూర్చుంటూ.

హాస్టల్ అంటే బొల్లారం. బొల్లారం అంటే కల్పలత వంటగది.

ఆమె రామ్మోహనరావు దగ్గరికి పోయేసరికి ఆయన చుట్టూ పదిమంది. నమస్తే పెట్టి నిలబడింది. ఆయన తిరిగేసరికి హాస్టల్‌కు సరుకు మోసే వ్యాను గేటు దాటింది.

"అన్నా, ఆ జాడీ నాకిప్పించండి. పైసలు నేనిస్త."

"అయ్యో, బండి వెళ్ళిపోయిందమ్మా. అంత ఇష్టమైందని ముందే చెప్తే నేను పాడేవాణ్ణే కాదు కదా."

*

భోజనాలు పెట్టకముందే ఆమె వెనక గేటు నుంచి బయటపడి ఆటో ఎక్కింది. స్టేషన్ దగ్గర జనం. తిరుమలగిరి దగ్గర సిగ్నల్ ఎంతకీ పచ్చబడదు. ఆటోవాడు ఫోన్ మాట్లాడుతూ నిమ్మళంగా నడుపుతున్నాడు.

"జెర జల్ది పోనీ బాబూ."

"దవాఖానకా అమ్మా?"

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్‌లో చారు తప్పదని ఆమెకు తెలుసు. సరుకుతో వచ్చే జాడీని చెల్లెలు పక్కన పెట్టదు. అయినా పాత చింతపండు రాయిలా గట్టిపడి ఉంటుంది, పైన పైనే గీకి తీస్తుంది, అడుగుదాకా పోదు. ఈ ఒక్క ఆలోచన పట్టుకుని ఆమె బొల్లారం దాకా వచ్చింది. మూట తీసి కొంగులో వేసుకుంటే చాలు. ఇంటికి పోయి ఎక్కడ దాచాలో తర్వాత చూసుకోవచ్చు. ఆ క్షణంలో కూడా తను వెతికింది కొత్త చోటునే అని ఆమె చెప్పింది.

హాస్టల్ వంటగదిలో పొయ్యి మీద పెద్ద గిన్నె కాగుతోంది. కల్పలత వీపు ఇటు పెట్టి కొత్తిమీర తరుగుతోంది. జాడీ కింద ఉంది. గుడ్డ లేదు, దారం లేదు. పక్కన బేసిన్లో చింతపండు నానుతోంది.

"అక్కా? గిట్ల వచ్చినవేంది? పండుగ గదా."

"నిన్ను సూద్దామని వచ్చిన. నువ్వు కొత్తిమీర కానియ్యి, పులుసు నేను పిసుకుత."

కల్పలత ఒక క్షణం అక్కను చూసింది. తర్వాత మళ్ళీ కత్తిపీట వైపు తిరిగింది.

మేబెలమ్మ చీర పైకి దోపుకుని, ముందు బేసిన్లో చెయ్యి పెట్టింది. పిప్పి, ఈనెలు, ఒకటి రెండు గింజలు. ఇంకేమీ తగల్లేదు. జాడీ ముందుకు జరుపుకుంది. సగానికి పైగా ఖాళీ. చెయ్యి లోపలికి దించింది, మోచేతిదాకా. ఉప్పుకు, పులుపుకు గోళ్ళ సందులు మండాయి. వేళ్ళతో అడుగంతా తడిమింది. ఒక చుట్టు. ఇంకో చుట్టు. చల్లటి పింగాణీ తగిలింది. వ్యాను వాళ్ళు తీశారా, షామియానా కింద రాజ్యం విప్పిందా, బియ్యం మోసినవాళ్ళెవరైనా చూశారా. మళ్ళీ తడిమింది.

"అడుగున లేదక్కా," అంది కల్పలత, వెనక్కి తిరగకుండానే. "అల్మారల పెట్టిన."

మేబెలమ్మ చెయ్యి జాడీలోనే ఉండిపోయింది.

కల్పలత చేతులు తుడుచుకుని, ఉప్పు డబ్బాల వెనక నుంచి ఒక స్టీలు గిన్నె దించింది. బంగారం కడిగి ఉంది. పక్కన లేసు గుడ్డ కూడా ఉతికి, నాలుగు మడతలు పెట్టి ఉంది. చింతపండు మరక మాత్రం పోలేదు.

"గడ్డ పెకిలిస్తుంటే మూట బయటపడ్డది. గుడ్డ సూడంగనే అమ్మ అల్లిక అని తెలిసింది. రెండు చేసింది గదా, నీకొకటి, నాకొకటి."

మేబెలమ్మ జాడీలోంచి చెయ్యి బయటికి తీసింది.

"దొంగలు పడ్డప్పటి నుంచి గిండ్లనే ఉన్నదా?"

"ఆ."

"నేను వచ్చి చాయ తాగినప్పుడు సుత?"

"ఆ."

కల్పలత తల ఊపింది. ఆమె మొహంలో కోపం వస్తుందేమోనని మేబెలమ్మ చూసింది. వస్తే బాగుండు అనుకుంది. పొయ్యి మీది గిన్నెలో నీళ్ళు అంచుకు వచ్చాయి.

"మంట తగ్గియ్యక్కా, పొంగుతది."

మేబెలమ్మ చేత్తో పిప్పి కారుతుండగానే మంట తగ్గించింది. తర్వాత బంగారం ఉన్న గిన్నె పట్టుకుని చెల్లెలి ముందుకు తోసింది. "తీస్కో. మొత్తం తీస్కో. నాకొద్దు."

"నేనేం చేసుకోనక్కా? ఇప్పుడెవరికి పెట్టను?" గొంతు పెంచకుండానే అడిగింది కల్పలత. "ఆ డబ్బు ఉంటే ఆయన బతుకునో లేదో నాకు తెల్వదు. డాక్టర్లకే తెల్వలేదు. కానీ నాకొక అక్క ఉన్నదని ఆయనకు తెలుస్తుండె."

ఆ మాటకు మేబెలమ్మ కింద కూర్చుంది, తన ఇంట్లో గోడకు ఆనుకుని కూర్చున్నట్టే. ఈసారి ఏడుపు రాలేదు. మూడు భయాలకు జవాబులు వెతికిన మనిషి, వాక్యం ఏం చెప్తోందో అప్పుడు విన్నది. సొమ్ము ఎక్కడికీ పోలేదు. చిమ్మట కొరకలేదు, తుప్పు పట్టలేదు, దొంగ చూడలేదు. అది పనికొచ్చే దినం ఒకటుండె. ఆ దినమే పోయింది. దాన్ని ఏ జాడీలోనూ దాచలేం.

ఫోన్ మోగింది. దయాకర్.

"ఏడున్నవే? అందరు అడుగుతున్నరు. పెరుగన్నం అయిపోతున్నది."

ఆమె ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని చెల్లెలి వైపు చూసింది. కల్పలత బేసిన్లోని పులుసు గిన్నెలో వంపుతోంది. సాయం చేసే ఉద్దేశం ఆమె మొహంలో లేదు. ఆపే ఉద్దేశమూ లేదు.

"బొల్లారంల ఉన్న. కల్ప దగ్గర. ఆ జాడీల నా బంగారం ఉండె."

అవతల షామియానా చప్పుడు వినబడింది. ఎవరో పిల్లల్ని వరుసలో కూర్చోబెడుతున్నారు.

"ఏ బంగారం?"

"దొంగలు ఎత్తుకపోని బంగారం."

"అట్లనే ఉండు. వస్తున్న," అన్నాడు. ఆ గొంతు హర్రాజు గొంతు కాదు.

స్కూటర్ వచ్చేలోపు చారు అయింది. పిల్లలు పళ్ళేలు పట్టుకుని వరుసగా కూర్చున్నారు. చెల్లెలు అన్నం వడ్డిస్తుంటే అక్క వెనకాలే చారు పోస్తూ పోయింది. ఒక పిల్ల నాలుక చప్పరించి, "ఇయ్యాల చారు మస్తుగున్నది ఆంటీ," అంది.

"పాత చింతపండు," అంది కల్పలత.

*

దయాకర్ నెలరోజులు భార్యతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడాడు. పాస్టరయ్యకు చెప్పింది ఆమే, రామ్మోహనరావుకు చెప్పింది కూడా ఆమే. ఆయన ఆ జోకు వేసినందుకు రెండు చేతులూ పట్టుకుని క్షమించమన్నాడు. "మీ జోకే నన్ను కూసోబెట్టింది, లేకుంటే ఇంకో పది వేలు పాడుదును," అందట ఈమె. రాజ్యానికి ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

మెట్ల మీద పెట్టినది వెనక్కి తీసుకోరాదన్న నియమం ప్రకారమే జరిగింది. బంగారం హాస్టల్‌కే పోయింది. జబ్బున పడ్డ పిల్లల కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం ఖర్చు పెట్టాలని కల్పలత ఒక షరతు పెట్టింది. ఇంకో షరతు, అడగటానికి వచ్చినవాళ్ళకు ముందు చాయ ఇచ్చి, తర్వాత నోరు తెరిచి అడగమని చెప్పాలట.

ఒక్క గాజు మాత్రం కల్పలత తిరిగి తెచ్చి అక్క చేతికి తొడిగింది, పట్టుబట్టి. మేబెలమ్మ దాన్ని తియ్యదు. కూరగాయల మార్కెట్‌కు, రద్దీగా ఉన్న లోకల్ రైలుకు, చర్చికి, అన్నిటికీ అదే గాజు. రోడ్డు మీద కొంగు కప్పుకోమని నేనొకసారి చెప్పాను.

"పోతే పోనీ," అంది, చిక్కుడుకాయ ఈనె లాగుతూ. "కనబడేటట్టు ఉన్నది గదా. ఎవరికన్న కావాలంటే అడగొచ్చు."